తెలివి తక్కువై కాదు... మనసు దొరికిపోయి!

"సారూ, మూడు నెలల జీతం అడ్వాన్సు గావాలె."

సోనాపూర్‌లోని మా క్యాంపు ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి ఈ మాట అన్న మేస్త్రీ మాకు కొత్తవాడు కాదు. జగిత్యాల దగ్గరి పల్లె మనిషి. పదకొండేళ్లుగా ఇక్కడే బ్లాక్ వర్కు చేస్తున్నాడు. వయసులో మాకంటే పెద్ద. సిగరెట్టు లేదు, మందు లేదు. జీతం పడిన మూడో రోజుకల్లా ఎక్స్చేంజ్ ముందు లైన్లో నిలబడి ఇంటికి పంపేస్తాడు. అటువంటి మనిషి అడ్వాన్సు అడిగితే మేము ఆశ్చర్యపోయాం. ఎందుకని అడిగితే చెల్లె పెళ్లి అన్నాడు. ఆయన చెల్లెలి పెళ్లి కరోనాకు ముందే అయిపోయింది. అప్పుడు సెలవు కాగితం రాసిచ్చింది మేమే!

ఆ మాట గుర్తు చేసేసరికి తల దించుకున్నాడు. ఆఫీసులో మమ్మల్ని "సారూ" అనీ, బయట "తమ్మీ" అనీ పిలవడం ఆయనకు అలవాటు. ఆ రోజు మాత్రం కిటికీ దగ్గరే "తమ్మీ, మోసపోయిన" అన్నాడు.

ఫోనులో మెసేజ్ వచ్చిందట. ఖాళీ టైములో హోటళ్లకు స్టార్లు ఇస్తే డబ్బులు ఇస్తామన్నారు. మొదటి రోజు 35 దిర్హాంలు, రెండో రోజు 80 దిర్హాంలు నిజంగానే పంపారు. తర్వాత 200 కట్టమన్నారు, కడితే 260 వెనక్కి వచ్చింది. 500 కడితే 650 వచ్చింది. ఆ పైన 1,200 కట్టాడు. అక్కడ ఆగిపోయింది. అది విడిపించాలంటే 2,800 కట్టమన్నారు. అదీ కట్టాడు. మీ ఖాతాలో ఇప్పుడు పెద్ద మొత్తం ఉంది, పన్ను కింద 4,500 కడితే అంతా ఒకేసారి వస్తుందన్నారు. రూములో నలుగురి దగ్గర తలా కొంత తీసుకొని అదీ కట్టాడు. మొత్తం పోయింది 8,500 దిర్హాంలు. ఆయన జీతం 1,400. అంటే తిండీ తిప్పలూ మానేసినా ఆరు నెలల కష్టం.

నిజం చెప్పాలంటే, ఆయన వెళ్లిపోయాక మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకొని నవ్వుకున్నాం. స్టార్లు ఇస్తే డబ్బులెవరిస్తారు, ఈ మాత్రం తెలియదా అనుకున్నాం. ఆ నవ్వుకు శిక్ష మాకు రెండు వారాల్లోనే పడింది. ఆ సంగతి తర్వాత.

బోరుబావి గుణం

మొదటి 1,200 ఇరుక్కున్నప్పుడే ఎందుకు ఆగలేదని మేస్త్రీని అడిగాం. "ఆగితే పన్నెండు వందలు పోయినట్టే గద తమ్మీ. ఇంకింత గడితె వస్తయేమో అనిపించింది" అన్నాడు.

ఈ మాట మన ఊళ్లలో వినని వాళ్లెవరు? మూడు వందల అడుగులు వేసినా నీళ్లు పడలేదు. ఇంకో వంద వేద్దాం, ఇంత దూరం వచ్చి ఆగితే వేసిందంతా వృథా. ఆ వంద కూడా దుమ్మే లేస్తే, పొలానికి అటుపక్క ఇంకో బోరు. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి గల్ఫ్ విమానం ఎక్కిన వాళ్లలో బోర్ల అప్పు తీర్చడానికి వచ్చినవాళ్లు ప్రతి రూములో దొరుకుతారు. మా మేస్త్రీవి మూడు బోర్లు.

దీని మీద పెద్ద పరిశోధనలే జరిగాయి. 1985లో ఆర్క్స్, బ్లూమర్ అనే ఇద్దరు, పెట్టిన డబ్బు పోతుందన్న బాధతో మనిషి ఇంకా ఇంకా పెడుతూ పోతాడని ప్రయోగాలు చేసి చూపించారు. అంతకు ముందే 1979లో డేనియల్ కానెమన్, అమోస్ ట్వెర్‌స్కీ ఇంకో సంగతి రాశారు. వంద దొరికితే కలిగే సంతోషం కంటే వంద పోతే కలిగే బాధ మనిషికి ఎక్కువట. అందుకే నష్టంలో ఉన్నవాడు మామూలుగా చేయని సాహసం చేస్తాడు. కానెమన్‌కు 2002లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఫోను అవతల ఉన్న మోసగాడు ఈ పుస్తకాలు చదవకపోవచ్చు. కానీ 35 దిర్హాంలు ముందు తానే ఇవ్వాలని వాడికి బాగా తెలుసు. చేపకు ఎర వేసేవాడు ఎర ఖర్చు లెక్క చూసుకోడు కదా!

చదువుకున్నవాళ్లం కదా అనుకుంటే...

ఇక మా సంగతి. మాలో ఒకరి ఫోనుకు పార్శిల్ వచ్చిందని, చిరునామా సరిగ్గా లేదని, 11 దిర్హాంల 50 ఫిల్స్ కడితే మళ్లీ తెచ్చి ఇస్తామని మెసేజ్ వచ్చింది. ఇంటి నుంచి నిజంగానే ఒక పార్శిల్ రావాలి. రోజంతా ఇంగ్లీషు మెయిళ్లు చదివే మనిషి, క్యాంపులో నలుగురి ఫారాలు నింపిపెట్టే మనిషి. లంచ్ టైములో, ఒక చేత్తో అన్నం కలుపుతూ, ఇంకో చేత్తో కార్డు నంబరు కొట్టేశాడు. వచ్చిన ఓటీపీ కూడా కొట్టాడు. ఆ ఓటీపీ మెసేజ్‌లో పదకొండున్నర కాదు, 2,300 అని స్పష్టంగా రాసి ఉంది. చదవలేదు. చదవడం రాక కాదు, చదవక్కర్లేదనుకున్నాడు.

ఇంటర్ చదివాం, ఆఫీసు పని చేస్తున్నాం, మమ్మల్ని ఎవడు మోసం చేస్తాడన్న ధీమా కూడా మనసు గుణమే. ఇంగ్లండులోని ఎక్సెటర్ యూనివర్సిటీ వాళ్లు అక్కడి ప్రభుత్వ సంస్థ కోసం 2009లో మోసాల మీద ఒక నివేదిక ఇచ్చారు. మోసపోయేవాళ్లు మిగతా విషయాల్లో తెలివితక్కువ వాళ్లేమీ కాదని, వ్యాపారంలోనూ ఉద్యోగంలోనూ చక్కగా నిర్ణయాలు తీసుకునేవాళ్లేనని అందులో చెప్పారు. పైగా మోసపోయినవాళ్లు చాలాసార్లు ఆ కాగితాన్ని మిగతావాళ్ల కంటే ఎక్కువసేపు చదివారట! తనకు కొంత తెలిసిన సంగతైతే ఆ కొంతే ముంచుతుందట.

ఇంతకంటే పెద్ద ఉదాహరణ అమెరికాలో ఉంది. స్టీఫెన్ గ్రీన్‌స్పాన్ అనే సైకాలజీ ప్రొఫెసర్, మనుషులు ఎందుకు మోసపోతారన్న సంగతి మీదే ఏళ్ల తరబడి పరిశోధన చేసి పుస్తకం రాశాడు. ఆ పుస్తకం 2008 డిసెంబరులో చేతికొచ్చింది. అదే నెల 11న బెర్నార్డ్ మేడాఫ్ అనే షేర్ల వ్యాపారిని ప్రపంచంలోనే అతి పెద్ద పెట్టుబడి మోసం కింద అరెస్టు చేశారు. మన ప్రొఫెసర్ గారి పదవీ విరమణ సొమ్ములో మంచి భాగం ఆ మేడాఫ్ దగ్గరే ఉంది. పోయింది. ఆ సంగతి ఆయన దాచుకోలేదు, తానే పత్రికలో వ్యాసం రాశాడు. ఈ కథ మేస్త్రీకి చెబితే చాలా రోజుల తర్వాత మొదటిసారి నవ్వాడు. "అయితే నేను నయమే" అన్నాడు.

పెద్దసారు చెప్పాడంటే...

మన క్యాంపు జీవితం మనకు నేర్పే మొదటి పాఠం, చెప్పింది చేయడం. ఫోర్‌మన్ చెబితే చేయాలి, సేఫ్టీ ఆఫీసరు అరిస్తే ఆగాలి, చెకింగులో బతాకా అడిగితే వెంటనే తీయాలి. ఈ అలవాటు లేకపోతే ఇక్కడ బతకడం కష్టం. మోసగాడు సరిగ్గా ఈ అలవాటునే పట్టుకుంటాడు.

1961లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో స్టాన్లీ మిల్‌గ్రామ్ ఒక ప్రయోగం చేశాడు. పక్క గదిలో ఉన్న మనిషి తప్పు జవాబు చెప్పినప్పుడల్లా కరెంటు షాకు ఇవ్వమని మామూలు జనానికి చెప్పారు. నిజానికి షాకు లేదు, అవతలి మనిషి నటిస్తున్నాడు. ఆ సంగతి మీట నొక్కేవాళ్లకు తెలియదు. కోటు వేసుకున్న పెద్దమనిషి పక్కన నిలబడి "కొనసాగించండి" అంటుంటే 40 మందిలో 26 మంది చివరి మీట, 450 వోల్టుల దాకా నొక్కారు. చెమటలు పట్టాయి, చేతులు వణికాయి, అయినా నొక్కారు.

ఇప్పుడు వాట్సాప్ వీడియో కాల్‌లో యూనిఫాం వేసుకున్నవాడు కనిపించి, "నీ బతాకా మీద కేసు ఉంది, ఫోను పెట్టావంటే అరెస్టు" అంటే మన చేతులు ఎందుకు వణకవు? మా క్యాంపులో జీతం కార్డు బ్లాక్ అయిందని వచ్చే కాల్స్ జీతాలు పడే వారంలోనే ఎక్కువ. వాడు హిందీలో మొదలుపెట్టి, మనం తడబడితే తెలుగులోకి కూడా వస్తున్నాడు. ఇండియాలో "డిజిటల్ అరెస్టు" పేరుతో ఇలాంటివి ఎంత పెరిగాయంటే, 2024 అక్టోబరు 27న ప్రధాని మోదీ రేడియో ప్రసంగంలో దాని గురించే మాట్లాడాల్సి వచ్చింది. అలాంటి అరెస్టు ఏ చట్టంలోనూ లేదు. ఇక్కడి పోలీసులైనా అక్కడి పోలీసులైనా, బ్యాంకు అయినా ఫోనులో ఓటీపీ అడగరు. అడిగినవాడు దొంగే. ఫోను పెట్టేస్తే వాడికి కోపం రావచ్చు, రానివ్వండి.

కోతకు ముందు, కోత తర్వాత

"ఆశకు పోయాడు" అని తేలిగ్గా అనేస్తాం. మేమూ అన్నాం. కానీ తమిళనాడులో చెరకు రైతుల మీద జరిగిన ఒక పరిశోధన చదివాక ఆ మాట అనాలంటే మొహమాటంగా ఉంది. 2013లో సైన్స్ పత్రికలో వచ్చింది. 464 మంది రైతులకు కోతకు ముందు, చేతిలో పైసా లేనప్పుడు, కొన్ని మెదడు పరీక్షలు పెట్టారు. కోత అయి డబ్బు చేతికొచ్చాక మళ్లీ పెట్టారు. అదే రైతు, అదే మెదడు. కోతకు ముందు మార్కులు తక్కువ వచ్చాయి. అప్పు ఆలోచన మెదడులో కొంత చోటు ఆక్రమించి కూర్చుంటుంది, మిగతా పనికి చోటు తక్కువ పడుతుందని వాళ్లు చెప్పారు.

వీసాకు తెచ్చిన అప్పు, నెలనెలా వడ్డీ, పిల్లకు ఫీజు, ఎండలో పది గంటల పని, బస్సులో గంటన్నర. రాత్రి పదింటికి పై బెర్తు మీద పడుకొని ఫోను చూసే మనిషి మెదడులో ఎంత చోటు మిగిలి ఉంటుంది? మేస్త్రీ నాలుగున్నర వేలు పంపింది రాత్రి పదకొండు తర్వాత. పావుగంటలో కట్టకపోతే అంతా పోతుందన్నాడట అవతలివాడు. తొందర పెట్టడం వాడికి ఉత్త అలవాటు కాదు, అదే వాడి అసలు పనిముట్టు.

ఇంకో సంగతి. ఆ మెసేజ్‌లు అంత అడ్డదిడ్డంగా, తప్పులతో ఎందుకుంటాయని మేము ఎప్పుడూ నవ్వుకునేవాళ్లం. మైక్రోసాఫ్ట్‌లో పరిశోధకుడు కార్మాక్ హెర్లీ 2012లో దీనికి ఒక లెక్క చెప్పాడు. నవ్వేవాళ్లు ముందే పక్కకు పోవాలన్నదే వాడికి కావలసింది. నవ్వకుండా జవాబిచ్చిన వాడి మీదే వాడు సమయం ఖర్చు పెడతాడు. జల్లెడ పట్టడమన్న మాట.

ఎవరికీ చెప్పకు

ఒంటరితనం సంగతి రాయడానికి కొంచెం సంకోచంగానే ఉంది. కానీ రాయకపోతే తప్పు. కోనసీమ నుంచి వచ్చిన ఒక కుర్రాడు, వచ్చి ఎనిమిది నెలలే. ఫోనులో ఒక అమ్మాయి పరిచయమైంది. "తిన్నావా" అని అడిగేది. ఆ మాట అడిగేవాళ్లు ఇక్కడ ఎవరున్నారు? వారం తిరిగాక వీడియో కాల్, ఆ వీడియో రికార్డు చేసి ఊళ్లో అందరికీ పంపుతామని బెదిరింపు. 700 కట్టాడు. మర్నాడు 1,500 అడిగారు. డబ్బు ఇస్తే ఆగుతారనుకున్నాడు పాపం. ఇచ్చేవాడని తెలిసింది కాబట్టి మళ్లీ అడిగారు. నాలుగు రోజులు అన్నం తినలేదు, పనికి పోలేదు. చచ్చిపోతానని రూములో అన్నాడట. పక్క బెర్తు పెద్దాయన, కడప మనిషి, ఫోను లాక్కొని వాళ్లను బ్లాక్ చేసి, సాక్ష్యం కోసం మెసేజ్‌లన్నీ దాచిపెట్టి, "వీడియో వస్తే రానీరా నాయనా, నాలుగు రోజులు మాట్లాడుకుంటారు, తర్వాత ఇంకొకరిది మాట్లాడుకుంటారు" అన్నాడు. ఆ రాత్రంతా కుర్రాడి పక్కనే కూర్చున్నాడు. వీడియో రాలేదు.

ఎక్సెటర్ వాళ్ల నివేదికలో మాకు అన్నిటికంటే నచ్చిన మాట ఇక్కడే పనికొస్తుంది. మోసానికి లొంగేవాళ్లు ఆ సంగతిని ఇంట్లో, స్నేహితులకు చెప్పకుండా దాచుకుంటారట. లోపల ఎక్కడో అనుమానం ఉంటుంది, చెబితే వద్దంటారన్న భయమూ ఉంటుంది. మా మేస్త్రీ రూములో ఎనిమిది మంది. పదమూడు రోజుల్లో ఒక్కరికీ చెప్పలేదు. అప్పు అడిగిన నలుగురికి నాలుగు కారణాలు చెప్పాడు. ఒక్కరికి నిజం చెప్పి ఉన్నా మిగిలిన ఏడు వేల పైచిలుకు మిగిలేది.

పరువు అనే గుణం మనకు ఊరి నుంచే వచ్చింది. గల్ఫ్ వచ్చినవాడు ఊళ్లో మొనగాడు. ఇంటికి ఫోను చేస్తే అంతా బాగుందనే చెప్పాలి. ఆ అలవాటే ఇక్కడ మన నోరు కట్టేస్తోంది.

ఖాతా అద్దెకిస్తే?

కేంబ్రిడ్జిలో ఫ్రాంక్ స్టజానో, పాల్ విల్సన్ అనే ఇద్దరు వీధి మోసాలను చూసి 2009లో ఏడు సూత్రాలు రాశారు. ఒక సూత్రం మాత్రం మన క్యాంపులకు తప్పక చెప్పాలి. మనం చేసే చిన్న తప్పే మోసగాడి చేతిలో కొరడా అవుతుంది. "నీ బ్యాంకు కార్డు నెలకు 500కి ఇవ్వు", "నీ బతాకా మీద రెండు సిమ్ములు తీసివ్వు" అనేవాళ్లు క్యాంపు గేటు దగ్గరే తిరుగుతున్నారు. ఆ ఖాతాలోకి వచ్చేది మా మేస్త్రీలాంటి వాడి డబ్బే. ఆయన పంపిన మూడు ఖాతాలూ ఎవరో కూలీల పేర్లతోనే ఉన్నాయి. రేపు పోలీసులు ముందుగా వెతికేది పేరు ఉన్నవాణ్నే. యూఏఈలో ఆన్‌లైన్ నేరాలకు 2021 నాటి 34వ నంబరు చట్టం ఉంది. తెలియక ఇచ్చానంటే అక్కడ కథ ముగియదు.

అవతల ఫోను పట్టుకున్నవాడి గురించి కూడా ఒక మాట. వాడు మనవాడే కావచ్చు! డేటా ఎంట్రీ ఉద్యోగమని కంబోడియా తీసుకెళ్లి, పాస్‌పోర్టు లాక్కొని, ఇలాంటి మోసాలు చేయిస్తున్నారని 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు ఏజెంట్లను పట్టుకున్నప్పుడు బయటపడింది. 2025 మార్చిలో మయన్మార్ సరిహద్దులోని ఇలాంటి అడ్డాల నుంచి బయటపడిన 549 మంది భారతీయులను థాయ్‌లాండ్ మీదుగా వైమానిక దళం విమానాల్లో రెండు రోజుల్లో వెనక్కి తెచ్చారు. అందులో తెలుగు కుర్రాళ్లూ ఉన్నారు. ఉద్యోగం ఆశ చూపి వాళ్లను, వాళ్ల చేత ఉద్యోగం ఆశ చూపించి మనల్ని. ఊళ్లో తమ్ముడికో బామ్మర్దికో ఎవరైనా విదేశీ ఉద్యోగం చెబితే, ఆ ఏజెంటు ఈ-మైగ్రేట్‌లో రిజిస్టరు అయ్యాడో లేదో ముందు చూసుకోమనండి. రిజిస్టరైన ఏజెంటు తీసుకోవలసిన ఫీజు 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. అంతకు మించి అడిగితే అక్కడే అనుమానించాలి.

పోయిన వెంటనే

డబ్బు పోయిందని తెలిసిన క్షణం ఏడవకండి, ముందు బ్యాంకుకు చేసి కార్డు ఆపించండి. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మారేలోపు చెబితేనే ఏమైనా దొరుకుతుంది. దుబాయ్‌లో పోలీసుల 901 నంబరుకు చెప్పవచ్చు, వాళ్ల ఈ-క్రైమ్ పేజీలోనూ ఫిర్యాదు ఇవ్వవచ్చు. అబుదాబీ వాళ్లకు అమాన్ ఉంది, 8002626. ఇండియా ఖాతా నుంచి పోతే ఇంటివాళ్ల చేత 1930కి చేయించండి. ఏం చేయాలో తోచకపోతే మన కాన్సులేట్ వాళ్ల ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం 80046342, ఫోను ఉచితం. ఇంకొకటి, ఊళ్లో ఆడవాళ్లకు తప్పకుండా చెప్పండి. యూపీఐలో డబ్బు మనకు రావడానికి పిన్ నొక్కాల్సిన పని లేదు. పిన్ అడిగితే డబ్బు పోతున్నట్టే.

మాలో ఒకరి 2,300 తిరిగి రాలేదు. మేస్త్రీ ఫిర్యాదు ఇచ్చాడు, నంబరు వచ్చింది, అంతవరకే. అడ్వాన్సు మూడు నెలలది కుదరలేదు, ఒక నెలది ఇప్పించగలిగాం. రూములో నలుగురూ నెలకు మూడు వందల లెక్కన తీసుకోవడానికి ఒప్పుకున్నారు. ఇంట్లో భార్యకు ఇంకా చెప్పలేదు. ఓవర్‌టైము తగ్గిందని చెప్పాడట.

మొన్న సాయంత్రం డ్యూటీ బస్సు దిగి, హెల్మెటు చేతిలోనే ఉండగా, మా కిటికీ దగ్గరికి వచ్చాడు. ఫోను ముందుకు చాపాడు. ఆన్‌లైన్‌లో పోయిన డబ్బు తిరిగి ఇప్పిస్తామని, ఫీజు 900 దిర్హాంలు అని మెసేజ్. కింద ఏదో ముద్ర, రెండు కత్తులు, అరబ్బీ అక్షరాలు.

"తమ్మీ, ఇది సదివి జెప్పు" అన్నాడు.

చదివాం. ఇది కూడా వాళ్ల పనే, మీ నంబరు వాళ్ల దగ్గరుంది కదా అన్నాం.

"నాకు ఎరికనే" అన్నాడు ఫోను జేబులో పెట్టుకుంటూ. "అబద్ధమని పొద్దుగాలనే అనుకున్న. ఎవలన్న నోటితోని అంటె ఇందామని వచ్చిన."